పప్పు ఉడకని నీళ్లు

2013 జూన్‌లో నన్ను శ్రీకాళహస్తికీ నాయుడుపేటకీ మధ్య ఉన్న ఒక గ్యాస్ విద్యుత్ కేంద్రానికి కెమిస్ట్రీ విభాగం అధిపతిగా పంపారు. హోదా సీనియర్ మేనేజర్. కింద ఆరుగురు, పైన స్టేషన్ హెడ్. పుట్టి పెరిగిన తిరుపతికి దగ్గర్లోనే ఉద్యోగం దొరికిందని మా అమ్మ సంతోషించింది కానీ, నేను అక్కడ చేసే పనేమిటో ఆమెకు చివరిదాకా అంతుపట్టలేదు. గ్యాస్ కాల్చి కరెంటు తీసే చోట నీళ్లు పరీక్షించే మనిషి ఎందుకని అడిగేది. మా అమ్మ సంగతి సరే, ఇంజనీరింగ్ చదివినవాళ్లు కూడా నన్ను ఇదే ప్రశ్న అడిగారు. అందుకని ముందు దానికి జవాబు చెప్పి, తర్వాత అసలు సంగతికి వస్తాను.

గ్యాస్ టర్బైన్ తన మటుకు తాను పెద్దగా నీళ్లు తాగదు. విమానం ఇంజన్‌కు అన్నలాంటిది అది. గాలిని పీల్చి, నొక్కి, అందులో గ్యాస్ మండించి, ఆ వేడి వాయువులతో తిరుగుతుంది. ఎండాకాలంలో అది పీల్చే గాలిని తడిసిన మెత్తల గుండా పంపి చల్లబరుస్తాం. ఇళ్లల్లో కూలర్ చేసే పనే అది. దానికి కొన్ని నీళ్లు కావాలి. లోపలి రెక్కల మీద పట్టిన మురికి కడగడానికి ఇంకొన్ని. అసలు ఖర్చు వేరే చోట ఉంది. టర్బైన్ నుంచి బయటికొచ్చే వాయువులు ఇంకా మండిపోతూ ఉంటాయి. వాటిని ఊరికే ఆకాశంలోకి వదిలేయకుండా ఒక బాయిలర్ గుండా పంపి, నీళ్లను ఆవిరి చేసి, ఆ ఆవిరితో రెండో టర్బైన్‌ను తిప్పుతాం. పని చేసిన ఆవిరిని మళ్లీ నీళ్లుగా మార్చాలంటే చల్లటి నీళ్లు కావాలి. ఆ చల్లటి నీళ్లు వేడెక్కితే వాటిని కూలింగ్ టవర్ పైనుంచి జల్లుగా పోసి, ఫ్యాన్లతో గాలి లాగి చల్లార్చాలి. చల్లారేటప్పుడు కొంత ఆవిరైపోతుంది. కేంద్రం తాగే నీళ్లలో చాలా భాగం పోయేది అక్కడే. టవర్ మీద తెల్లగా లేచేది పొగ అని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు అనుకునేవారు. అది పొగ కాదు, స్వర్ణముఖి. ఆ ఏటి ఇసుకలో తవ్విన ఊటబావుల నుంచే మాకు పైపులో నీళ్లు వచ్చేవి.

ఇక్కడొక చిక్కుంది. ఆవిరయ్యేది నీరు మాత్రమే. అందులో కరిగి ఉన్న ఉప్పూ సున్నమూ టవర్ కింది తొట్టిలోనే ఉండిపోతాయి. అలా చిక్కబడుతూ పోతే గొట్టాల లోపల పెంకు కడుతుంది. అందుకని కొంత చిక్కటి నీటిని బయటికి వదిలి, ఆ మేరకు కొత్త నీరు పోస్తుంటాం. వదిలే నీటిని బ్లోడౌన్ అంటారు. వచ్చిన నీటికంటే తొట్టిలో నీరు ఎన్ని రెట్లు చిక్కగా ఉందో ఆ అంకెను సైకిల్స్ అంటారు. నేను చేరిన నాటికి అక్కడ మూడు సైకిల్స్ నడుస్తున్నాయి. లెక్క తేలిక. వంద లీటర్లు ఆవిరైతే, మూడు సైకిల్స్ దగ్గర యాభై లీటర్లు వదలాలి. అంటే నూటయాభై కొత్త నీళ్లు పోయాలి. అదే ఆరు సైకిల్స్‌కు తీసుకెళితే ఇరవై వదిలితే చాలు, నూటయిరవై పోస్తే చాలు. ఏటి నీళ్లలో అయిదో వంతు మిగిలిపోతుంది.

కరువు సీమలో పుట్టినదాన్ని. కుళాయి దగ్గర బిందెకు బిందె లెక్కబెట్టుకుని పెరిగినదాన్ని. ఆ అయిదో వంతు మిగల్చకుండా నాకు నిద్ర పట్టలేదు. ఏడాదిన్నర తంటాలు పడ్డాను. పెంకు కట్టనివ్వని మందులు మార్చి చూశాను, ఆమ్లం మోతాదు సరిచేశాను, ఫిల్టర్ పెట్టించాను. చివరికి ఆరు దగ్గర నిలబెట్టాను. కంపెనీ హెడ్ ఆఫీసు నుంచి ప్రశంసాపత్రం వచ్చింది. దాన్ని అద్దం కట్టించి రిసెప్షన్‌లో, వచ్చేవాళ్లకు ఎదురుగా, తగిలించారు. నేను ఆ దారిన పోయేటప్పుడు దాన్ని చూడనట్టు చూసేదాన్ని.

ఆ పత్రంలో ఇంకో ఘనత కూడా ఉంది. టవర్ వదిలిన నీరు దక్షిణం గోడ పక్కనున్న పెద్ద గుంటలోకి పోయేది. మా భాషలో దాని పేరు గార్డ్ పాండ్. అక్కడ పరీక్ష చేసి, హద్దులో ఉంటేనే పైనున్న తూము గుండా వాగులోకి పోనిచ్చేవాళ్లం. వదిలే నీరు తగ్గేసరికి గుంట తూము దాకా నిండడమే మానేసింది. కేంద్రం నుంచి బయటికి చుక్క నీరు పోవడం లేదని నా రిపోర్టులో రాశాను. తూము దగ్గరికి స్వయంగా వెళ్లి, ఎండిన సిమెంటు మీద చెయ్యి పెట్టి చూసి మరీ రాశాను.

2017 మార్చిలో ఒక ఉదయం గేటు దగ్గరికి ఒకామె టిఫిన్ డబ్బాతో వచ్చింది. డబ్బాలో పప్పు ఉందనీ, పెద్దవాళ్లకు చూపించాలనీ అంది. సెక్యూరిటీ వాళ్లు క్యాంటీన్ మీద ఫిర్యాదు అనుకుని ఆమెను క్యాంటీన్‌కు పంపారు. క్యాంటీన్ సూపర్‌వైజరు రుచి చూసి, ఇది మాది కాదు, మా పప్పు ఇంత గట్టిగా ఉండదని కొంచెం గర్వంగానే చెప్పాడట. చివరికి మా ల్యాబ్ అసిస్టెంటు మునిరత్నం ఆమెను గుర్తుపట్టి నా దగ్గరికి తీసుకొచ్చాడు. మునిరత్నం నలభై దాటిన మనిషి, చేతి పని శుభ్రంగా ఉండేది, నోటి మీద మాత్రం అదుపుండేది కాదు. అతనిదీ ఆమెదీ ఒకే ఊరు.

ఆమె పేరు భాగ్యమ్మ. అరవై ఏళ్లుంటాయి. మా దక్షిణం గోడకు అవతల వాళ్ల అరెకరం నిమ్మతోట, మధ్యలో దిగుడుబావి. అరవై చెట్లు. కాయలు గూడూరు మార్కెట్‌కు పోయేవి. ఇంట్లోకీ చెట్లకీ ఆ బావి నీళ్లే. ఆమె డబ్బా మూత తీసి నా బల్ల మీద పెట్టింది.

"సూడమ్మా. ఎనిమిది విజిళ్లు వచ్చినాయి. ఐనా బద్ద బద్దగానే ఉండాది."

ఆఫీసువాళ్లం అడిగే ప్రశ్నే నేనూ అడిగాను. పప్పు పాతదేమో అన్నాను. ఆమె కోపం తెచ్చుకోలేదు. ఇదే పప్పును సగం పొట్లం కట్టి శ్రీకాళహస్తిలో చెల్లెలింటికి పంపిందట. అక్కడ మూడు విజిళ్లకే వెన్నలా ఉడికిందట. కుక్కర్ కూడా ఇక్కడిదే పంపించానంది. అన్నీ అలాగే ఉంచి ఒక్కటే మార్చి చూడటం ప్రయోగంలో మొదటి పాఠం. ఎమ్మెస్సీ పిల్లలకు అది వంటబట్టడానికి ఏడాది పడుతుంది. ఆమె ఒక పప్పు పొట్లంతో ముగించింది.

తర్వాత కొంగుముడి విప్పి నాలుగు నిమ్మాకులు తీసింది. అంచులు కాలినట్టు ఎండి ఉన్నాయి. నిమ్మ ఉప్పును ఓర్చుకోలేని చెట్టు. రెండేళ్లుగా ఇట్లాగే ఉందనీ, ఈ వేసవి దాటితే తోట ఉండదనీ చెప్పింది. ఏడవలేదు, అరవలేదు. ఎవరికి చెప్పాలో తెలియక నీళ్ల పని చేసేవాళ్ల కోసం వచ్చానంది.

ఆ రోజే బావి నీళ్లు తెప్పించి పరీక్షించాను. ఉప్పూ సున్నమూ రెండూ ఎక్కువే. అయితే ఆ నేలలో ఉప్పుబావులు కొత్త కాదు. ఆమె చెప్పినదాంట్లో నిజమెంతో నాకు తెలియాలి. అందుకని ల్యాబ్‌లో నాలుగు గాజుపాత్రలు వరసగా పెట్టి, ఆమె ఇచ్చిన పప్పునే నాలుగింట్లో తూచి పోశాను. ఒకదాంట్లో బాయిలర్‌కు వాడే ఉప్పు తీసేసిన నీరు, రెండో దాంట్లో స్వర్ణముఖి నీరు, మూడో దాంట్లో మా గార్డ్ పాండ్ నీరు, నాలుగో దాంట్లో ఆమె బావి నీరు. నాలుగింటినీ ఒకే హాట్ ప్లేట్ మీద ఉంచాం. కేంద్రం చరిత్రలో ల్యాబ్ నుంచి పప్పు వాసన రావడం అదే మొదలు. కంట్రోల్ రూమ్ నుంచి ఇద్దరు ఇంజనీర్లు వచ్చి, తాలింపు ఎప్పుడని అడిగి వెళ్లారు. మునిరత్నం అయితే, "మేడం దగ్గర ఎవురి పప్పులూ ఉడకవు, ఈరోజు సూస్తాం" అన్నాడు.

మొదటి రెండు పాత్రల్లోనూ పప్పు మెత్తబడింది. మూడోదీ నాలుగోదీ గంట దాటినా బద్దలుగానే ఉన్నాయి. కారణం పుస్తకాల్లో ఉన్నదే. నీళ్లలోని సున్నం పప్పు పైపొరను బిగించేస్తుంది. కానీ నా కళ్లు ఆ కారణం మీద లేవు. మూడో పాత్రా నాలుగో పాత్రా ఒకేలా ఎందుకున్నాయన్నదే నా ప్రశ్న.

మర్నాడు భాగ్యమ్మను పిలిపించి, హెల్మెట్ పెట్టించి, గార్డ్ పాండ్ దగ్గరికి తీసుకెళ్లాను. నిజం చెప్పాలంటే, మా నీళ్లు బయటికి పోవడం లేదని ఆమెకు నచ్చజెప్పడానికే తీసుకెళ్లాను. ఎండిన తూము చూపించాను. టవర్‌ను చూపించి సైకిల్స్ సంగతి ఆమెకు అర్థమయ్యేలా చెప్పాలని, చారు మరిగే కొద్దీ ఉప్పెక్కుతుంది కదక్కా, ఇదీ అంతే, మేం దాన్ని ఇంకా ఎక్కువ మరిగించి కొత్త నీళ్లు తక్కువ పోస్తున్నాం, ఏటి నీళ్లు మిగులుతున్నాయి అన్నాను. ఆమె టవర్ వైపు చూసింది, గుంట వైపు చూసింది.

"నీళ్లు మిగిలిచ్చినారు, మంచిదే. మరిగిన చారు యాడ పోస్తా ఉండారు?"

ఈ గుంటలోనే అన్నాను. మరి ఇది నిండదా అని అడిగింది. నిండటం లేదన్నాను. ఎందుకు నిండటం లేదని అడిగింది. ఎండకు ఆవిరైపోతుందన్నాను. అంతా ఎండకేనా అంది.

మూడున్నరేళ్లుగా లోపలికి వచ్చే ప్రతి లీటరుకూ లెక్క రాసినదాన్ని, గుంటలోంచి పోయేదానికి మాత్రం రాయలేదు. ప్రశంసాపత్రం ఇచ్చే ముందు వచ్చి చూసిన ముగ్గురు నిపుణులు కూడా తూము ఎండి ఉండటం చూసి మెచ్చుకున్నారే గానీ, గుంట ఎందుకు నిండదని అడగలేదు. అక్కడ నిలబడి నేను సిగ్గుపడ్డాను. ఆమెకు అది తెలిసిందో లేదో తెలియదు.

ఎండకు ఎంత పోతుందో, నేలలోకి ఎంత పోతుందో విడదీయడానికి ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు. ఒక బకెట్ చాలు. కానీ గుంటలోకి నీళ్లు రాని రోజులు కావాలి. ఏప్రిల్ మొదట్లో గ్యాస్ సరఫరా తగ్గి కేంద్రం వారంపాటు ఆగింది. మామూలుగా అలా ఆగితే అందరం దిగులుపడతాం. ఆసారి నేను మాత్రం లోలోపల సంతోషించాను. గుంటలోకి వచ్చే వాల్వులన్నీ మూయించి, అడుగున రాళ్లు వేసిన బకెట్‌ను గుంటలోకి దిగే మెట్టు మీద నీళ్లలో నిలబెట్టి, బయట గుంట నీరు ఎంత ఎత్తుందో లోపల కూడా అంతే పోయించాను. ఎండ రెంటికీ ఒకటే. బకెట్‌కు చిల్లు లేదు. గుంటకు లేకపోతే రెండూ సమానంగా తగ్గాలి.

నాలుగు రోజుల తర్వాత బకెట్‌లో రెండు వేళ్లు తగ్గింది. గుంటలో ఆరు వేళ్లు తగ్గింది. మునిరత్నం వేళ్లతో కొలిచాడు, నేను స్కేలుతో కొలిచాను. ఇద్దరి లెక్కా ఒకటే.

అప్పుడు చిక్కుముడి విడిపోయింది. నీరు ఇంకకుండా గుంట అడుగున పరిచిన ప్లాస్టిక్ షీటు ఎప్పుడో చిరిగి ఉండాలి. పాత రోజుల్లో నీరు పల్చన, చాలా భాగం తూము గుండా వాగులోకి పోయి వానలకు కలిసిపోయేది. ఇప్పుడు చిక్కటి నీరంతా గుంటలోనే నిలిచి, ఎండకు ఇంకా చిక్కబడి, ఉన్న ఉప్పంతా మోసుకుని నేలలోకి దిగుతోంది. గోడ అవతల మొదటి బావి భాగ్యమ్మది. చెరువు గట్టు తెగితే ఊరంతా చూస్తుంది. అడుగు నుంచి ఇంకితే చూసేవాళ్లుండరు.

స్టేషన్ హెడ్ రాజశేఖర్ గారికి విడిగా చెప్పాను. చెడ్డ మనిషి కాదు, పద్ధతి గల ఇంజనీరు. కానీ మే నెలలో హెడ్ ఆఫీసు బృందం మా పద్ధతిని మిగతా కేంద్రాల్లో పెట్టడానికి చూడవస్తోంది. గుంట ఖాళీ చేసి షీటు మార్చాలంటే నడి వేసవిలో కేంద్రాన్ని ఆపాల్సి రావచ్చు. జూన్ దాకా ఆగుదాం, ఈలోగా కాగితం మీద ఏమీ పెట్టకండి అన్నారు. నేను సరేనన్నాను. ఈ మాట రాయడం నాకు కష్టంగానే ఉంది, కానీ సరేనన్నాను. ఆ పత్రం ఇంకో నెల అక్కడే ఉంటే బాగుండునని నాకూ అనిపించింది.

రెండు రోజులు అలాగే గడిచాయి. మూడో రోజు మునిరత్నం నమూనా సీసాలు కడుగుతూ, నా వైపు చూడకుండా అన్నాడు.

"జూన్ దాకా చెట్లు ఆగవు మేడం. మీరు సెప్పకపోతే నేను సెప్తాను. ఊర్లో నేను తలెత్తుకుని తిరగల్ల."

మర్నాడు పొద్దున ఎనిమిదిన్నర సమీక్ష సమావేశంలో, అన్ని విభాగాల అధిపతుల ముందు, బకెట్ లెక్కను రిజిస్టర్‌తో సహా బల్ల మీద పెట్టాను. బయటికి చుక్క పోవడం లేదని నేను రాసిన వాక్యం తప్పని, దాన్ని వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను. రాజశేఖర్ గారు చాలాసేపు రిజిస్టర్ చూశారు. తర్వాత మెయింటెనెన్స్ అధిపతి వైపు తిరిగి, వాడకుండా పడి ఉన్న కాంక్రీటు తొట్టిలో ఎన్నాళ్ల బ్లోడౌన్ పడుతుందని అడిగారు. ఆ ప్రశ్నతో పని మొదలైంది.

చిక్కటి నీటిని కాంక్రీటు తొట్టికి మళ్లించి గుంటను ఎండగట్టారు. అడుగున తెల్లటి ఉప్పు పొర, దాని కింద షీటు మీద రెండు చోట్ల వరసగా చీలికలు. ఎన్నేళ్ల కిందటో పూడిక తీసిన యంత్రం పళ్ల గుర్తులవి. కొత్త షీటు వేశారు. అప్పటి నుంచి ఆ గుంటలో నీటిని పూర్తిగా ఎండనిచ్చి, మిగిలిన ఉప్పును గీకి, సంచుల్లో నింపి, అలాంటి వ్యర్థాలను తీసుకునే చోటికి లారీలో పంపుతున్నారు. సైకిల్స్ ఆరు దగ్గరే ఉంచాం. తప్పు వాటిది కాదు. ప్రశంసాపత్రాన్ని మాత్రం రిసెప్షన్ నుంచి తీసేశారు. తీసేయమని రాసి ఇచ్చింది నేనే.

భాగ్యమ్మ చెట్లకు ఆ వేసవంతా స్వర్ణముఖి నీళ్లు ట్యాంకర్లలో పంపాం. పాదుల్లో ఉప్పు కొట్టుకుపోవాలంటే మంచి నీళ్లే దారి. అరవైలో ముప్పైఎనిమిది నిలిచాయి. తప్పు మాదేనని చెప్పడానికి నేనే వాళ్లింటికి వెళ్లాను. ఆమె మంచినీళ్లు ఇచ్చి, నేను చెప్పిందంతా విని, తోట వైపు చూసింది.

"సెప్పినావు గదమ్మా, సరే. సెట్లకు ఎవురు సెప్పేది?"



ఆ నెల నుంచి ల్యాబ్ రిజిస్టర్‌లో ఒక కొత్త గడి గీయించాను. నెలకోసారి మునిరత్నం ఆమె బావి నీళ్లు తెచ్చేవాడు. ఉప్పు కొలిచే మీటర్ అంకె పక్కన, ఆ వారం ఆమె ఇంట్లో పప్పు ఎన్ని విజిళ్లకు ఉడికిందో అడిగి రాసేవాడు. మొదట్లో అంతా ఎనిమిదే. ఒక వానాకాలం దాటాక ఏడు, ఆరు. రెండోది దాటాక అయిదు. 2021లో నేను రిటైరయ్యే రోజు, చార్జి తీసుకోవడానికి వచ్చిన కుర్ర మేనేజరు ఆ గడి చూసి, ఇదేమిటి మేడం, మీటర్ ఉండగా విజిళ్లెందుకు అని నవ్వాడు. మీటర్ అబద్ధం చెప్పదు కానీ, తీసుకెళ్లిన చోటే చెబుతుంది, గోడ అవతలికి ఎవరూ తీసుకెళ్లలేదు అన్నాను. గడి కొట్టేయవద్దని చార్జి కాగితంలో రాసి సంతకం పెట్టించుకున్నాను.

ముప్పైరెండేళ్ల సర్వీసులో ఆ కేంద్రం నాకు నేర్పింది ఇంతే. నీటిని మిగల్చవచ్చు, ఉప్పును మాయం చేయలేం. నీళ్లు ఎంత మిగిల్చారో చెప్పేవాళ్లను, మరిగిన చారు ఎక్కడ పోశారని కూడా అడగాలి. నేను వచ్చేసేనాటికి ఆ గడిలో చివరి అంకె నాలుగు. ఆమె చెల్లెలి ఇంట్లో మూడు. ఆ ఒక్క విజిల్ తేడా మాది.